రొమ్మెత్తు కొలత

సామెతలో తప్ప
బలుసును నేనెన్నడూ చూసింది లేదు.
ఇంటర్ తప్పిన ఏడు
మా నాయిన భుజం మీద చెయ్యేసి అన్నడు:
బతికుంటే బలుసాకు తినొచ్చు బిడ్డా.
అది తిండి అనుకోలే నేను,
ఓదార్పు అనుకున్న.

మర్రిగూడ దాటి ఎడమకు తిరిగితే పిట్టలగుట్ట.
నల్లరాయి లీజుకు దరఖాస్తు పడ్డది.
చెట్లు లెక్కగట్టి రమ్మని
ఒక టేపు, ఒక రిజిస్టరు,
ఎనిమిది దినాల ఎండ
నా చేతుల పెట్టిన్రు.

నియమం సులువు.
రొమ్మెత్తున చుట్టుకొలత తియ్యాలె.
రొమ్ముదాకా ఎదగంది చెట్టు గాదు.
దానికి నంబరు లేదు, ఎర్రరంగు పట్టె లేదు,
కొట్టేస్తే కట్టేటోడు లేడు.
"తుప్పలు" అని ఒక్క మాట రాస్తే
గుట్ట గుట్టంతా అండ్ల పడుతది.

పొద్దెక్కేసరికి పద్దెనిమిది వేపలు, రెండు చండ్రలు,
సగం ఎండిన మోదుగ ఒకటి.
మిగిలిందంతా ముల్లే.
ప్యాంటు పట్టి గుంజింది, ఆగమన్నట్టు.
వంగి చూస్తే
కణుపు కణుపుకు రెండేసి ముండ్లు, ఎదురుబొదురు,
నడుమ లేతాకు.
పిడికెడు మన్ను గూడ లేని బండ నెర్రెల
యేరు ఎంతదూరం దిగిందో
బండకే ఎరుక.
పచ్చటి పండు, చిటికెనగోరంత.
నోట్లేసుకుంటే ముందు తీపి,
ఆనక ఒగరు, ఆనక ఇత్తు.

"బలుసు సారూ గది."

మేకల నడుమ నుంచి మాట.
మనిషి కనపడలే.
కొంచెం సేపటికి కనపడ్డది,
నడుము కాడ రెండుగ మడిచినట్టు
చేతికర్ర కన్న పొట్టిగ.
ఈదమ్మ.
ఊరి బోరునీళ్లు ఎముకలల్ల చేరి
ముప్పై ఏండ్లాయెనట.
"మొగులు సూడాల్నంటె నేను పండుకోవాలె"
అని నవ్వింది.

అడగకుండనే చెప్పింది.
ఒక కరువుల ఇంట్ల గింజ లేదు.
రెండు ఉప్పురాళ్లు, ఇంత చింతపండు, ఈ ఆకు.
తొమ్మిది దినాలు.
పెద్దోడు బతికిండు.
"చిన్నది బతకలే.
అదీ బలుసాకే తిన్నది."
మేకను అదిలించుకుంట అన్నది ఆ మాట,
నా దిక్కు చూడకుండ.

నాకు మా నాయిన చెయ్యి యాదికొచ్చింది.
భుజం మీద దాని బరువు
ఇప్పుడు తెలిసింది.

"ఏం రాస్తున్నవ్?"
తుప్పలు అని, అవ్వా.
"చెట్టు గాదా?"
రొమ్ముదాకా రాలే గదా.
ఈదమ్మ కర్ర పక్కకు పెట్టి
బలుసు కొమ్మకు ఆనుకొని నిలబడ్డది.
పై చిగురు సరిగ్గ ఆమె రొమ్ము కాడ ఊగుతున్నది.

"ఎవలి రొమ్ము సారూ?"

రిజిస్టరు మొదటి పేజీ తిరగేసిన.
నియమాలు పదకొండు.
ఎవలిదో రాసి లేదు.

అబద్ధమెందుకు,
ఆ గడిల నేను తుప్పలనే రాసిన.
సంతకం గూడ నాదే.
కాని మిగిలిన పూటంతా
టేపు జేబుల పెట్టుకొని కూసోని లెక్కబెట్టిన,
ఒక్కో బండ కాడికి జరుగుకుంట.
కూసుంటే అన్నీ రొమ్ముదాకా వచ్చినయి.
కొన్ని తల దాటినయి.
నాలుగు వందల పదకొండు.
ఆ అంకె పట్టే గడి లేక
అట్ట లోపల పెన్సిలుతోని రాసి పెట్టిన.

వచ్చేటప్పుడు ఈదమ్మ కొంగు చించి
దోసెడాకు మూటగట్టి ఇచ్చింది.
ఇదేం కూరని మా సుగుణ అడిగింది.
సామెత నాలుక మీదికి వచ్చింది.
మింగిన.
పప్పుల వెయ్యమన్న.

కరెంటు పోయింది.
సెల్లు లైటు గోడకు ఆనిచ్చి
ఆకుల నుంచి ముండ్లు ఏరుకుంట కూసున్నం ఇద్దరం,
చానా సేపు,
ఒక్కటి గూడ మిగలకుండ.